కంటికీ కొలిమికీ మధ్య

ఫిబ్రవరి 3

చుక్కలమ్మకి మామయ్య రాసేది,

నువ్వు పంపిన ఆకాశం ఫొటో అందింది. మీ అమ్మ దాన్ని గోడకి అంటించింది. గులాబీ రంగు మబ్బు, మధ్యలో నీలం, అంచుల్లో ఆకుపచ్చ. చూడటానికి బాగానే ఉంది. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ రంగులు ఎవరు వేశారు?

ఫొటో వెనక నువ్వే రాశావు, ఈ వెలుగు మనిషి కంటికి కనపడదు అని. కనపడనిదానికి గులాబీ రంగు ఎక్కణ్ణించి వచ్చిందే? నేను నలభై ఆరేళ్లుగా కొలిమి ముందు నిలబడుతున్నవాణ్ణి. నా దగ్గర రంగు గురించి అబద్ధాలు చెల్లవు.

నా పని నువ్వెప్పుడూ వచ్చి చూడలేదు కాబట్టి చెబుతున్నాను. రాళ్లు కొట్టేవాళ్ల ఉలులు చేస్తాం మేము. ఉలి మొనని ఎర్రగా కాల్చి నూనె తొట్టిలో ముంచితే గట్టిపడుతుంది. ఎంత ఎరుపు అన్నదే విద్యంతా. దానిమ్మ గింజ రంగు రావాలి. తక్కువ కాలితే ఉలి రాయి మీద వంగిపోతుంది. ఎక్కువ కాలితే తొట్టిలోనే టక్కుమని పగులుతుంది. ఇంత వేడి అని చెప్పే యంత్రం మా దగ్గర లేదు. నా కన్నే యంత్రం. నేను ముక్క బయటికి తీస్తాను, పక్కనున్నవాడు పట్టకారుతో అందుకుని ముంచుతాడు. అంతే.

ఆ ముంచేవాడి పేరు నత్త. పేరు మేం పెట్టిందే. పదిహేనేళ్లుగా ఉన్నాడు, నోట్లోంచి మాట రాదు. ఈ మధ్య వాడికి కొత్త రోగం పట్టుకుంది. ముక్క అందుకుని గాల్లో పట్టుకుని నిలబడతాడు. పెదాలు కదులుతాయి. లెక్కపెడుతున్నాడు! అయిదు దాకా లెక్కపెట్టి అప్పుడు ముంచుతాడు. నిన్న అందరి ముందూ కడిగేశాను. "నేనిచ్చిన ముక్క నా చెయ్యి వదలగానే నూనెలో ఉండాలి. నీ బద్ధకం నీ ఇంట్లో చూపించుకో" అన్నాను. తల ఊపాడు. ఇవాళ్టి నుంచి వెంటనే ముంచుతున్నాడు.

రంగుల సంగతి రాయి. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో నీ ఒక మాట అర్థమయ్యేలోపు ఇంకోటి వచ్చి పడుతుంది. కాగితమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు.

మీ అమ్మకి అన్న, నీకు మామయ్య.


ఫిబ్రవరి 14

దొంగని పట్టుకున్న మామయ్యకి,

ఒప్పుకుంటున్నాను. రంగులు మేమే వేశాం. కానీ అబద్ధం కాదు. విను.

నువ్వు ఇనుప ముక్కని కొలిమిలోంచి తీసి పక్కన పెడతావు. ఎరుపు పోయి నల్లబడుతుంది. అప్పుడు ఎవరైనా ముట్టుకుంటారా? నల్లగా ఉన్నా కాలుతూనే ఉంటుంది కదా. జానెడు దూరంలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ తగిలేది కూడా వెలుగే మామయ్యా. వెలుగంటే అలలు. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాగే అనుకో. ఒక అల మీద నుంచి ఇంకో అల మీదకి ఎంత దూరమో, దాన్నే తరంగదైర్ఘ్యం అంటాం. కొంచెం పొడవైన అల కంటికి ఎరుపు. పొట్టిది నీలం. ఎరుపు కన్నా పొడవైనవి కంటికి అందవు, చర్మానికి అందుతాయి. వాటిని పరారుణం అంటాం. కొండ మీద మా టెలిస్కోపు కెమెరా చూసేది వాటినే. కెమెరాని మంచు కన్నా ఎన్నో రెట్లు చల్లగా ఉంచుతాం, లేకపోతే దాని వేడి వెలుగే దానికి అడ్డొస్తుంది.

అంతకన్నా బాగా పొడవైనవి రేడియో అలలు. వాటిని పట్టడానికి పెద్ద పళ్లేల్లాంటివి ఉంటాయి. మంట అంటూ ఎరగని చల్లటి వాయువు మబ్బులు వాటిలో కనపడతాయి. నీలం కన్నా పొట్టివాటి వైపు వెళ్తే ఆసుపత్రిలో ఎముకల ఫొటో తీసే కిరణాలు. అవి లక్షల డిగ్రీలు కాగిన వాయువు నుంచి వస్తాయి. ఒక్కో అలలో ఆకాశం ఒక్కోలా ఉంటుంది. ఒక్క రకం వెలుగుతో చూసి ఆకాశాన్ని చూశాననడం, వంటింటి కిటికీలోంచి చూసి ఇల్లంతా చూశాననడం లాంటిది.

ఫొటోలో మూడు రకాల పరారుణానికి మూడు రంగులిచ్చాం. ఎక్కువ పొడవైనదానికి ఎరుపు, మధ్యదానికి ఆకుపచ్చ, పొట్టిదానికి నీలం. వరస మార్చలేదు. మేం రంగులు వేసినవాళ్లం కాదు, తర్జుమా చేసినవాళ్లం.

నత్తగారిని అంతలా కడిగెయ్యాలా?

నీ చుక్కలమ్మ


మార్చి 1

కోడలు పిల్లకి,

తర్జుమా అన్నావు కాబట్టి వదిలేస్తున్నాను. వరస మార్చలేదన్నావు చూడు, అది నచ్చింది.

నల్లబడ్డ ముక్క దగ్గర చెయ్యి పెట్టి చూశాను. తెలియక కాదు. చిన్నప్పటి నుంచీ తెలుసు, వెచ్చగా ఉంటుందని. కానీ అది వెలుగని నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్లు నా అరచెయ్యి చూస్తూనే ఉందన్నమాట! కళ్లు మూసుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పాను. ముక్క ఎక్కడుందో, ఏ కొస వేడో చెప్పగలిగాను. పక్కవాళ్లు నాకేదో అయిందనుకున్నారు.

ఎముకల ఫొటో తీసే కిరణాలు ఆకాశం నుంచి వస్తాయన్నావు. ఆకాశానికి ఎముకలేంటే?

ఇక్కడ పని తగలబడింది. పోయిన వారం అరవై ఉలులు ముంచితే ఇరవై ఏడు పగిలాయి. తొట్టిలో టక్కు టక్కుమని ఒకటే శబ్దం. నలభై ఆరేళ్లలో ఇలా లేదు. ఓనరు పిలిచి అడిగాడు. రంగు నాది, రంగులో తప్పు లేదు. మరి మిగిలింది ఎవరు? నత్త. నేను తిట్టానన్న కోపంతో పట్టకారు ఇష్టమొచ్చినట్టు విసురుతున్నాడన్నాను. అడ్డంగా ముంచితే పగలదా మరి. వాణ్ణి పిలిచి అడిగితే నా వంక చూశాడు, నేల వంక చూశాడు, ఒక్క ముక్క మాట్లాడలేదు. తప్పు లేనివాడు మాట్లాడడా? శనివారం నుంచి వాణ్ణి రావద్దన్నారు.

తొట్టి దగ్గర ఇప్పుడు కొత్తవాడు. చురుగ్గా ఉన్నాడు.

మామయ్య


మార్చి 12

మామయ్యా,

ఆకాశానికి ఎముకల్లేవు. ఆసుపత్రిలో కిరణాన్ని మనం పుట్టించి మనిషి గుండా పంపుతాం. పైన ఆ కిరణాలు వాటంతటవే పుడతాయి. భూమి చుట్టూ ఉన్న గాలి వాటిని కిందకి రానివ్వదు, అందుకే ఆ టెలిస్కోపుల్ని గాలి దాటి పైకి పంపాలి.

ఈ నెల నాకు ధూళితో తంటా. నక్షత్రాల మధ్య ఖాళీ అనుకుంటాం. ఖాళీ కాదు, సన్నటి మసి లాంటి ధూళి ఉంటుంది. పొట్టి అలల్ని ఎక్కువ ఆపేస్తుంది, పొడవైనవాటిని ఎక్కువగా పోనిస్తుంది. అంటే నీలం ఆగిపోతుంది, ఎరుపు దాటి వస్తుంది. ధూళి వెనకున్న నక్షత్రం మనకి అసలుకన్నా ఎర్రగా, మసగ్గా కనపడుతుంది. దాన్ని చూసి "ఓహో, ఇది చల్లటి నక్షత్రం" అనుకుంటాం. నిజానికది భగ్గున మండుతూ ఉంటుంది. నక్షత్రం తప్పు లేదు, చూసేవాడి తప్పూ లేదు. మధ్యలో ఉన్నదే మోసం చేస్తుంది. పరారుణం ఆ ధూళిని చాలావరకు దాటి వస్తుంది కాబట్టే నా కెమెరాకి పని దొరికింది.

నత్తగారి గురించి విని బాధేసింది. ఒకటి అడగనా? ఆయన అయిదు లెక్కపెట్టేవాడన్నావు. ఎందుకు లెక్కపెట్టేవాడో అడిగావా?

చుక్కలమ్మ


మార్చి 25

చుక్కలమ్మకి,

అడగాలా? వాణ్ణా? నేను కొలిమి ముందుకొచ్చే నాటికి వాడు పలక కూడా పట్టలేదు. నువ్వు కొండెక్కి కూర్చుని ఇక్కడ ఎవరెవర్ని ఏమడగాలో నాకు నేర్పుతావా? నక్షత్రాల గురించి రాయి, చాలు.

కొత్తవాడు వచ్చినా పగుళ్లు ఆగలేదు. ఉక్కు మంచిది రావట్లేదు. ఆ మాటే ఓనరుకి చెప్పాను. ఉక్కు తెచ్చేవాడు తన ఉక్కు ఎప్పటిదేనని ఒట్టేస్తున్నాడు. పోయిన నెల బయటికి పోయిన ఉలుల్లో ఒకటి రాయి మీద కొడుతుండగా ముక్కలైందట. పెంకు ఎగిరి ఒకాయన చెంప కోసుకుపోయింది. కన్ను తప్పిందట, వేలెడు దూరంలో.

నీ ధూళి ఉత్తరం నాలుగు కాదు, ఏడుసార్లు చదివాను. రెండు అడుగుతాను.

ఒకటి. ఎర్రగా కనపడే నక్షత్రం నిజంగానే చల్లగా ఉందా, లేక వేడిదే ధూళి వెనకుందా, ఎలా తేల్చుకుంటారు? కంటికి రెండూ ఒకటే కదా.

రెండు. ఆ ధూళి దారిలో కాకుండా చూసేవాడి దగ్గరే ఉంటే?

ఊరికే అడుగుతున్నాను. తొందరగా రాయి.

మామయ్య


ఏప్రిల్ 4

మామయ్యా,

కోపమొస్తే తిట్టు, రాయడం మాత్రం మానకు. నీ ప్రశ్నల్లాంటివి ఇక్కడికొచ్చే కాలేజీ పిల్లలు కూడా అడగరు.

మొదటిదానికి జవాబు: రెండో సాక్షి కావాలి. నక్షత్రం వెలుగుని గాజు పట్టకంతో రంగులుగా విడదీస్తే మధ్యమధ్యలో సన్నటి నల్ల గీతలుంటాయి. ఏ గీతలు ఎంత ముదురుగా ఉన్నాయన్నది దాని వేడిని బట్టి ఉంటుంది. ధూళి రంగు మార్చగలదు గానీ ఆ గీతల్ని మార్చలేదు. రంగు ఒకటి చెప్పి గీతలు ఇంకోటి చెబితే, గీతల్నే నమ్ముతాం. ఆ రెండిటికీ మధ్య తేడాయే ధూళి లెక్క. మోసపోని సాక్షి ఒకటుంటే చాలు.

రెండోది: మా దగ్గరే ధూళి ఉంటే ఏముంది, అద్దం దించి శుభ్రంగా కడుగుతాం! అదో పెద్ద జాతర్లా ఉంటుంది, అందరం చేతొడుగులు వేసుకుంటాం.

ఇంకో సంగతి. నీ ఉత్తరాల్లో అక్షరాలు పెద్దవైపోతున్నాయి. పోయినదాంట్లో గీత మీద రాసింది ఒక్కటీ లేదు, అన్నీ పైకెక్కాయి. కళ్లు ఒకసారి చూపించుకోరాదూ? అమ్మని తీసుకెళ్లమని చెబుతాను.

చుక్కలమ్మ


ఏప్రిల్ 9

నా కళ్లకేం కాలేదు. నా అక్షరాలు ఎప్పుడూ అంతే. మూడో తరగతితో బడి మానేసినవాడి అక్షరాలు ఎలా ఉంటాయనుకున్నావు. మీ అమ్మతో నా గురించి మాట్లాడొద్దు. అద్దాలు కడుక్కోండి.


ఏప్రిల్ 28

మామయ్యా,

పందొమ్మిది రోజులైంది. నీ అక్షరాల్ని వెక్కిరించానని అనుకుని ఉంటావు. కాదు. నాకు అ ఆలు దిద్దించింది నువ్వే, ఇంటికి తెచ్చిన ఉక్కు కడ్డీల మీద ముద్రలు చూపించి.

అమ్మ నా దగ్గర ఏదీ దాచలేదు, తనని తిట్టకు. నువ్వు కిటికీ దగ్గర నిలబడి ఒక కన్ను మూసి, మళ్లీ ఇంకోటి మూసి చూసుకుంటున్నావట. చన్నీళ్లతో కళ్లు కడుక్కుంటున్నావట, రోజుకి పదిసార్లు. పనికి మాత్రం మానకుండా వెళ్తున్నావట.

నిన్ను డాక్టరు దగ్గరికి వెళ్లమని మళ్లీ అనను. ఒక్కటే అంటాను. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలు ఇవాళ మళ్లీ చదివాను. అవి నక్షత్రాల గురించి కావు కదూ?

చుక్కలమ్మ


మే 6

చుక్కలమ్మకి మామయ్య రాసేది. ఇది పెద్ద ఉత్తరం. రెండు రోజులుగా రాస్తున్నాను.

కావు. నక్షత్రాల గురించి కావు.

రెండో సాక్షి అన్నావు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఉక్కుకి నల్ల గీతలెక్కడివి అనుకున్నాను. అప్పుడు మా గురువు గుర్తొచ్చాడు. నేను చేరిన కొత్తలో ఆయన ఒక ఆట చూపించాడు. అయస్కాంతం ఉక్కుని పట్టుకుంటుంది కదా, కొలిమిలో బాగా కాలాక పట్టుకోదు. సరిగ్గా దానిమ్మ రంగుకి కాస్త ముందు వదిలేస్తుంది, ఆ తర్వాత నాలుగైదు లెక్కపెట్టేసరికి దానిమ్మ వచ్చెయ్యాలి. నాకు కన్నుండగా అయస్కాంతం ఎందుకని అప్పట్లో నవ్వేశాను.

పాడైన లౌడ్‌స్పీకరు అయస్కాంతాన్ని తీగకి కట్టాను. అన్నాల వేళ అందరూ బయటికి వెళ్లాక ఉలి ఒకటి కాల్చి, అయస్కాంతం ఆనిస్తూ తీస్తూ కూర్చున్నాను. ఒకచోట వదిలేసింది. నా కంటికి అప్పటికి ముదురు ఎరుపే. దానిమ్మ ఇంకా రాలేదు. అక్కణ్ణించి లెక్కపెట్టాను. నా దానిమ్మ వచ్చేసరికి ఇరవై రెండు అయింది. ఇంకోటి కాల్చాను, ఇరవై ఒకటి. పది ఉలులు కాల్చాను. పదీ నామీదే సాక్ష్యం చెప్పాయి.

ఉక్కు భగ్గున మండుతుంటే నేను చల్లగా ఉందనుకుని ఇంకా కాలుస్తున్నాను. ధూళి నా కంట్లోనే ఉంది.

ఓనరు గదిలోకి వెళ్లి చెప్పాను. "పగిలినవన్నీ నా వల్ల పగిలాయి. నత్త తప్పు లేదు. ఉక్కు తప్పు లేదు. ఆ రాళ్లాయన చెంప కూడా నా వల్లే కోసుకుపోయింది."

ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. "మిమ్మల్ని ఎవరూ అనుమానించలేదు కదండీ, ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"అనుమానించలేదు కాబట్టే చెబుతున్నాను."

నేను చేసిందేదో అందరి ముందే చేశాను, అందుకని పనివాళ్లందర్నీ పిలిపించి మళ్లీ చెప్పాను. నాకు మాటలు అమరలేదు. సగం మందికి అర్థం కాలేదనుకుంటా. పరవాలేదు.

అక్కణ్ణించి నత్త ఇంటికి వెళ్లాను. వాడిప్పుడు ఒక లాండ్రీలో బాయిలరు దగ్గర ఉన్నాడు. తలుపు తీసింది వాడి భార్య. లోపలికి తిరిగి గట్టిగా అంది, "నిన్ను తీసేయించినాయన వచ్చాడు." కూర్చోమనలేదు. నిలబడే ఉన్నాను.

నత్త వచ్చాడు. నా కన్ను సంగతి చెబుదామని నోరు తెరిచాను. వాడే అన్నాడు, "తెలుసు పెద్దాయనా."

"ఏం తెలుసురా?"

"మీ కన్ను. ఏడాదిన్నర నుంచీ తెలుసు."

అప్పుడు ఆమె పీట వేసింది.

పదిహేనేళ్లలో వాడు నాతో మాట్లాడినదంతా కలిపినా ఆ రోజు మాట్లాడినంత ఉండదు. "ముక్క సరిగ్గా కాలితే నూనె బుస్సుమంటుంది పెద్దాయనా. ఎక్కువ కాలితే మీదంతా మంట లేస్తుంది, పట్టకారు పట్టుకున్న చెయ్యి అదురుతుంది. ఏడాదిన్నర కింద అదరడం మొదలైంది. గాల్లో కాస్త పట్టుకుంటే వేడి దిగుతుంది కదా అని మూడు లెక్కపెట్టి ముంచాను. పగల్లేదు. తర్వాత మూడు చాల్లేదు, నాలుగు. ఈ ఏడాది అయిదు."

అర్థమైందా? వాడు లెక్కపెట్టింది బద్ధకం కాదు. నా కంటి మీద ఎంత మసి పేరుకుందో లెక్కపెట్టాడు. నేను తిట్టి ఆ లెక్క మాన్పించాను. ఆ మర్నాటి నుంచి పగుళ్లు. మళ్లీ నేనే వెళ్లి వాడి మీద చెప్పాను.

"ఓనరు అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదరా."

"చెబితే మీరు పోతారు. నాకింకా ఎక్కడైనా పని దొరుకుతుంది. కొలిమి లేకపోతే మీకేముంది?"

వాడి భార్య అందుకుంది. "మా పిల్లలకి ఏముందో అడగండి ఆయన్ని." న్యాయమైన మాట.

తిరిగి రమ్మన్నాను. ఓనరు కూడా రమ్మన్నాడని చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. వాడి ఆలోచన ఎంతసేపో నీకు తెలియదు, నత్త కదా.

మామయ్య


మే 14

మామయ్యా,

నీ ఉత్తరాన్ని పని దగ్గర చదవకూడదని చదివాను. పక్కనున్నవాళ్లు ఎందుకు ఏడుస్తున్నావని అడిగారు. చదివి వినిపించాను, తర్జుమా చేసి. వరస మార్చలేదు.

వాళ్లలో ముప్ఫై ఏళ్లుగా ధూళి మీదే పని చేస్తున్న పెద్దాయన ఉన్నారు. ఆయన అన్నారు, "ధూళిని కొలిచి ఆ మేరకు దిద్దుకోవడం నేర్చుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. మీ నత్తగారు పట్టకారుతో నేర్చుకున్నాడు."

నువ్వు కళ్ల గురించి అడిగితే నేను అద్దం కడుగుతామని గొప్పగా రాశాను. తల్చుకుంటే సిగ్గేస్తోంది. నువ్వు అడిగేవి నక్షత్రాల గురించే అని ఎందుకంత నమ్మకంగా అనుకున్నానో!

నత్తగారు ఒప్పుకున్నారా? కంటి డాక్టరుకి చూపించుకున్నావా? నువ్వు ఏం చేస్తావిప్పుడు?

చుక్కలమ్మ


జూన్ 2

చుక్కలమ్మకి,

నత్త పదకొండు రోజులు ఆలోచించాడు. ఒక షరతు పెట్టాడు. కొలిమి వాడిది, తొట్టి నాది. ఓనరు నా మొహం వంక చూశాడు, ఏమంటానో అని. నేనేమంటాను? వాడి కళ్లు బాగున్నాయి. పదిహేనేళ్లుగా నా పక్కనే నిలబడి ప్రతి ముక్కనీ చూశాడు. రంగు నేర్పక్కర్లేదు. అయస్కాంతం మాత్రం ఇచ్చాను, అనుమానమొస్తే ఆనించి చూసుకోమని. తీసుకున్నాడు. నాలా నవ్వలేదు.

రాళ్లాయన దగ్గరికి కూడా వెళ్లాను. చెంప మానింది, గీత మిగిలింది. ఆయన తిట్టాడు, విన్నాను.

కంటి డాక్టరు రెండు కళ్లలోనూ పొర ఉందన్నాడు. పసుపుపచ్చగా ముదిరిపోయిందట, నీలాన్ని రానివ్వదట. నాకు తెలుసన్నాను. ఎలా తెలుసంటే మా కోడలు నక్షత్రాల దగ్గర పని చేస్తుందన్నాను. ఆయనకి అర్థం కాలేదు. వచ్చే గురువారం ఒక కంటికి ఆపరేషను చేస్తాడు.

కన్ను బాగయ్యాక మళ్లీ కొలిమి దగ్గరికి వచ్చెయ్యమని నత్త నిన్న అన్నాడు. నిజంగానే అన్నాడు, మొహమాటానికి కాదు. రానని చెప్పాను. ఎందుకంటే నాకిక్కడ పనుంది. తొట్టి మీద చెవి పెట్టి వింటుంటే, చేతిలో పట్టకారు అదురుతుంటే, నలభై ఆరేళ్లు పక్కనే ఉన్నా నాకు తెలియని సంగతులు తెలుస్తున్నాయి. ముక్క నిలువుగా దిగితే ఒక శబ్దం, రవ్వంత వంకరగా దిగితే ఇంకోటి. నూనె వేడెక్కాక సాయంత్రానికి మొత్తం వరసే మారుతుంది. ఇవన్నీ వాడికి తెలుసు, అడిగితేనే చెబుతాడు.

అందుకని అడుగుతున్నాను. రోజంతా అడుగుతూనే ఉన్నాను. ఇవాళ మధ్యాహ్నం విసుక్కున్నాడు కూడా, "ఒక్క పూట నోరు మూసుకుని వినండి పెద్దాయనా" అని.

మూసుకుని విన్నాను.

నీ మామయ్య